కడదెబ్బ

"రేవులో ఈ పూట నెత్తళ్లు దండిగా దిగినాయి. వంజరం నేదు. వంజరమని సెప్పి ఎవరైనా అమ్మితే అది వంజరం కాదు, కొన్నాక వొచ్చి నన్నడక్కండి. మైలపల్లోరి మేక మళ్లీ తప్పిపోనాది. నల్లమేక, సెవికి ఎర్రదారం. ఎవరి దొడ్లో ఉంటే వోళ్లు తోలీయండి, ఆలస్యమైతే మీ గుడ్డలే మేస్తాది. తాగునీటి బండి మద్దేనం రాదు, పొద్దుగూకే ముందు వస్తాది. రాట వీధిలో పెళ్లిపందిరి ఏసినారు, తోపుడుబళ్లోళ్లు పక్క సందులోంచి ఎల్లాల."

అసిరితల్లి ఒక్క క్షణం ఆగి, డప్పు మీద ఒకే ఒక దెబ్బ వేసింది. దాంతో ఉదయం చాటింపు ముగిసింది.

తీరగోడ మీద కట్టిన పలుకుగూటిలో ఆమె కూర్చునే చోటికి ఎడమవైపు సముద్రం, కుడివైపు దిబ్బలపేట. రెండింటిలో సముద్రమే ఎత్తు. గంగరేవు నగరానికి కొత్తగా వచ్చినవాళ్లు ఆ గోడెక్కి రెండు పక్కలా చూస్తే కళ్లు తిరిగి కూలబడతారు. ఇక్కడ పుట్టినవాళ్లు మాత్రం గోడకు పిడకలు కొడతారు, దాని నీడలో వలలు అల్లుతారు, పోటు రోజున గోడ చెమ్మగిల్లితే ఆరేసిన బట్టలు ఇవతలి తీగ మీదికి మార్చుకుంటారు.

ఆ గోడకు ఇనుప తలుపులున్నాయి. సముద్రం గోడను మరీ ఒత్తినప్పుడు, గోడను కాసే యంత్రబుద్ధి వేలామతి ఏదో ఒక పేట వైపు తలుపులు తెరిచి, కొంత నీటిని లోపలికి వదిలి, గోడ మీద బరువు దించుతుంది. దాన్నే నీటివంతు అంటారు. వంతు ముందే తెలుస్తుంది కనుక జనం మంచాలు గొలుసులతో పైకెత్తి, బియ్యం డబ్బాలు అటకెక్కించి, ఉక్కువంతెన దాటి కొండమీది బసలకు వెళ్తారు. నీళ్లు తీశాక తిరిగొచ్చి, గచ్చు కడుక్కుని, ఇంట్లో దూరిన పీతల్ని కూర వండుకుంటారు. ఈ నెల వంతు ఉప్పుమడులది. అక్కడ ఇళ్లు లేవు. అందుకే దిబ్బలపేటలో పెళ్లిపందిళ్లు లేచాయి.

ఏ ఇంట్లో పొయ్యి వెలిగిందో, ఏ తలుపు తెరుచుకుందో, ఏ సందులో ఎందరు నిలబడ్డారో వేలామతికి తెలుసు. తెలియనిదల్లా మనిషి తన మాట వినేలా చేయడం. మొదట్లో అది తన సొంత గొంతుతోనే హెచ్చరించేది. దయచేసి ఇళ్లు ఖాళీ చేయవలసిందిగా కోరుతున్నాము అని అది అంటుంటే, ఎవరో పేరంటానికి పిలుస్తున్నారని జనం నవ్వుకున్నారు. ఆ నవ్వుకు ఆ వానాకాలంలోనే ఏడ్చారు. తర్వాత చట్టం మారింది. సముద్రం గురించిన ఏ కబురైనా ఆ పేటలో పుట్టి చాటింపు వేసే చాటరి గొంతులోంచే రావాలి. మేకల సంగతీ, పెళ్లిళ్ల సంగతీ చాటరి తన ఇష్టం వచ్చినట్టు చెప్పుకోవచ్చు. వేలామతి పంపిన పాఠంలో మాత్రం అక్షరం తప్పకూడదు. తప్పితే, చాటరి గొంతును పేటకు మోసే పలుకుతీగ ఆ అక్షరం దగ్గరే తెగిపోతుంది.

అసిరితల్లి తండ్రి పేరు గురువులు. చట్టం రాకముందే చాటింపు వేసినవాడు. కూతురికి డప్పు ఇస్తూ ఒకటే చెప్పాడు: మాట వోళ్లది, దెబ్బ మనది. మొదట వేసే దెబ్బలు జనాన్ని పిలవడానికి. చివరి దెబ్బ పూచీ. నేను చదివినదాన్ని నేను నమ్ముతున్నానని చాటరి తన పేటకు ఇచ్చే మాట అది. పాతకాలంలో ఒకసారి, పడవలు వేసుకోవచ్చని పైనుంచి కాగితం వస్తే గురువులు దాన్ని పొల్లుపోకుండా చదివి, కడదెబ్బ వేయకుండా డప్పును చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఒక్క పడవా కదల్లేదు. పైవాళ్లు ఎంత అడిగినా ఎవరూ కారణం చెప్పలేదు. చెబితే గురువులు చిక్కుల్లో పడతాడు.

అదీ పద్ధతి. కడదెబ్బ పడకపోతే పొయ్యి ఆర్పాలి, ముసలివాళ్లనీ పసివాళ్లనీ ముందు పెట్టుకోవాలి, ఎత్తు వైపు నడవాలి. అరవకూడదు, పరిగెత్తకూడదు, ఒకరినొకరు అడక్కూడదు. చాటరిని పట్టివ్వకూడదు గనక, గుడికి పోతున్నట్టు పోవాలి.

గురువులు పోయాక ఆ పద్ధతితో ఎవరికీ పని పడలేదు. అసిరితల్లి ఇన్నేళ్లలో కడదెబ్బ వేయని రోజు లేదు. వేలామతి దృష్టిలో అది హద్దు చప్పుడు, అంటే పాఠం అయిపోయిందని తెలిపే గుర్తు. అంతకుమించి దానికి అర్థం ఉందని ఎవరూ దానికి చెప్పలేదు.

పలుకుతీగ గరగరమంది. "ఏటి మరదలా, వంజరం మీద అంత కచ్చేటి? నానే పంపినాను ఆ బుట్ట."

కాలవ అవతల లంకవీధి చాటరి కారి పోలయ్య అతను. వరసకు బావ. కడదెబ్బ ఒకటి వేయాల్సిన చోట రెండు వేసి, రెండోది తన అందానికి అంటాడు.

"అది వంజరం కాదని నీకూ తెలుసు బావా."

"నాకు తెలిస్తే ఏటి, కొన్నోడికి తెలీకపోతే సాలు." అతను నవ్వి, తర్వాత నవ్వు తగ్గించాడు. "సముద్రం సూసినావేటి పొద్దున్న? రంగు బాగులేదు."

"సూసినాను."

"కబురేటైనా వొచ్చిందా నీకు?"

"నేదు. నీకు?"

"నేదు," అన్నాడు పోలయ్య. ఆ తర్వాత ఏదో అనబోయాడు గానీ తీగ మధ్యలోనే తెగింది. అసిరితల్లి మీట రెండుసార్లు నొక్కి చూసింది. చాటరులు మాట్లాడుకునే దారి మూసుకుపోయింది. ఆ దారిని మూసే అధికారం వేలామతికి ఉందని తెలుసు గానీ, మూయగా ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే కింద మెట్ల దగ్గర నూకాలు పిలిచింది. నూకాలు ఆమె వదిన, చచ్చిపోయిన అన్న పెళ్లాం. మోకాళ్లు అరిగి మెట్లెక్కలేదు కనుక గంజి తప్పేలాను తాడుకు కట్టి పైకి పంపుతుంది.

"లాగవే అసిరీ. ఉల్లిపాయ ఏసినాను. నెత్తళ్లు మద్దేనానికి."

"వదినా, ఈయేళ నువ్వు పెద్దకూతురింటికి ఎల్లరాదేటి? కొండమీద గాలి బాగుంటాది."

నూకాలు తలెత్తి చూసింది. "వంతెన దాటాల కదే."

"దాటితే ఏటి?"

"నీకు తెలీదా ఏటి," అని నూకాలు తాడు వదిలేసింది.

తెలుసు. మూడేళ్ల కిందట ఉన్నట్టుండి ఊదిన హెచ్చరిక కూతకు దిబ్బలపేటా లంకవీధీ ఒక్కసారే ఉక్కువంతెన మీద పడ్డాయి. ఆ రోజు నీళ్లు ఇంకా గోడ అవతలే ఉన్నాయి. చంపింది నీళ్లు కాదు, తొక్కిసలాట. అసిరితల్లి అన్న అప్పన్న చేతిలో ఉన్న నూకాలు చెయ్యి అక్కడే జారిపోయింది. ఆ తర్వాత ఎన్ని నీటివంతులు వచ్చినా నూకాలు వంతెన ఎక్కలేదు. అటక మీదే కూర్చునేది. మోకాలిలోతు నీళ్లకు అటక సరిపోతుంది కాబట్టి ఎవరూ గట్టిగా అడ్డు చెప్పలేదు.

గంజి సగం తాగేసరికి మెట్ల మీద బూట్ల చప్పుడైంది. వేలా కార్యాలయం పర్యవేక్షకుడు ఉదయభాస్కర్ వచ్చాడు. ఆయన రోజూ తీగలో పలకరిస్తాడే తప్ప గోడ మీదికి రాడు. ముప్పై దాటని మనిషి. కళ్ల కింద రాత్రి నిద్ర లేదు.

"అసిరమ్మ గారూ, తినండి. తిన్నాకే మాట్లాడదాం."

"మాటాడితేనే తినగలను బావూ."

ఆయన పాఠఫలకం వైపు చేయి చూపించాడు. దాని మీద అక్షరాలు అప్పుడే తేలుతున్నాయి. అసిరితల్లి లోలోపలే చదువుకుంది. దిబ్బలపేట వాసులకు మనవి. సముద్రం కొంత ఉధృతంగా ఉన్నది. ఈ నెల నీటివంతు మీ పేటది కాదు. ఎవరూ ఇళ్లు విడిచి రావలసిన అవసరం లేదు. ఉక్కువంతెన మీదికి ఎవరూ రావద్దు. నిమ్మళంగా ఉండండి.

కార్యాలయంలో దీన్ని నిమ్మళపాఠం అంటారు. గాలివాన రోజుల్లో ఇలాంటివి ఆమె చాలానే చదివింది. అన్నిటికీ కడదెబ్బ వేసింది.

"బావూ, మా పేటకి నీళ్లొస్తాయా?"

ఉదయభాస్కర్ సముద్రం వైపు చూశాడు. అబద్ధం చెప్పే అలవాటు ఉన్నవాడైతే ఆ పాటికే చెప్పేసేవాడు.

"ఉప్పుమడులు నిండిపోయాయి," అన్నాడు. "రాత్రి అనుకున్నదానికంటే సముద్రం చాలా ఎత్తుకు లేచింది. గోడ నిలవాలంటే ఇంకో చోట తలుపు తీయాలి. సాయంత్రానికి మీది తీయాల్సి రావచ్చు. లంకవీధిది కూడా."

"మోకాలి దాకా?"

"కాదు. కప్పుల దాకా."

అసిరితల్లి తప్పేలా కింద పెట్టింది.

"మరి ఇందులో రావని రాసినారు."

"రావని రాయలేదు. మీ వంతు కాదని రాశారు."

"అది విన్నోళ్లకి ఏటి బోధపడతాది బావూ?"

ఆయన తల దించుకున్నాడు. "మీరు నన్ను తిట్టండి, పడతాను. కానీ వినండి. వంతెనకు ఇవతల పల్లపు ఆస్పత్రి ఉంది. నాలుగంతస్తుల నిండా మంచాన పడ్డవాళ్లే. వాళ్లను బళ్లలో దాటిస్తున్నాం. ఇప్పుడు మీ రెండు పేటలకూ నిజం చెబితే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. బళ్లు ఆగిపోతాయి. మంచాల మీదివాళ్లు పోతారు, వంతెన మీదివాళ్లూ పోతారు. వేలామతి ఎన్ని రకాలుగా లెక్క వేసినా అదే వస్తోంది. ఆస్పత్రి దాటాక మీకోసం బళ్లు వస్తాయి."

"టయానికి వస్తాయా?"

"రావాలనే చూస్తున్నాం."

ఆ మాటలో ఎంత నమ్మకం ఉందో ఇద్దరికీ తెలుసు. అసిరితల్లికి ఆయన మీద కోపం రాలేదు. కోపం వస్తే పని తేలికయ్యేది. మంచాల మీద ఉన్నవాళ్లు కనిపించారు. వంతెన మీద జారిపోయిన అన్న చెయ్యి కనిపించింది. అటక మీద కాళ్లు చాపుకుని కూర్చునే నూకాలు కనిపించింది.

"నాను సదవను అంటే?"

"గొంతునిల్వ ఉంది," అన్నాడాయన, చెప్పడం ఇష్టం లేనట్టు. "ఇన్నేళ్ల మీ చాటింపులన్నీ అందులో ఉన్నాయి. ఈ పేటలో పుట్టిన గొంతే కనుక చట్టానికి అడ్డు లేదు. ఆ ముక్కలతోనే పాఠం కూర్చి వినిపిస్తుంది. మీ డప్పుతో సహా."

అసిరితల్లి ఫలకం వైపు చూసింది. తన గొంతు, తన డప్పు, చివరన తన దెబ్బ. తను ఇంటికి పోయి తలుపేసుకున్నా, పేట మొత్తానికీ తనే పూచీ పడ్డట్టు ఆ దెబ్బ మోగుతుంది. ఆమె చెమటను కొంగుతో తుడుచుకుని ముందుకు జరిగింది.

"నానే సదువుతాను బావూ. తీగ ఇయ్యండి."

ఆయన ఊపిరి వదిలాడు. పచ్చదీపం వెలిగింది.

ఆమె పిలుపుదెబ్బలు వేసింది. కింద రాట వీధిలో పందిరికి మామిడాకులు కడుతున్నవాళ్లు చేతులు ఆపారు. చేపలు తోముతున్న ఆడవాళ్లు తలలెత్తారు. నూకాలు అరుగు మీద కూర్చుని నెత్తళ్ల తలలు గిల్లుతోంది.

అసిరితల్లి చదివింది. ఎక్కడా తొందరపడలేదు. వేలామతి భాషలో ఉన్న మాటల్ని ఉన్నవున్నట్టే, దీర్ఘం దగ్గర దీర్ఘం, ఒత్తు దగ్గర ఒత్తు వేసి చదివింది. ఈ నెల నీటివంతు మీ పేటది కాదు అన్నప్పుడు కూడా ఆగలేదు. ఆగితే తీగ తెగుతుంది, తెగితే గొంతునిల్వ అందుకుంటుంది. ఉక్కువంతెన మీదికి ఎవరూ రావద్దు. నిమ్మళంగా ఉండండి.

అయిపోయింది. చేయి అలవాటుకొద్దీ డప్పు మీదికి లేచింది. ఆమె ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లోకి దించుకుంది.

పచ్చదీపం ఆరింది. ఫలకం మీద అక్షరాలు వచ్చాయి: పాఠం పూర్తి. లోపం లేదు.

ఉదయభాస్కర్ మెట్ల వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. రోజూ తీగలో ఆమె చాటింపు వినేవాడు కదా, చెవికి ఏదో వెలితిగా తోచింది.

"డప్పు కొట్టలేదే?"

"మీరు రాసినదాంట్లో నేదు కద బావూ."

ఆయన ఆమె ఒళ్లో బిగుసుకున్న చేతులకేసి చూశాడు. మెట్లు దిగకుండా అక్కడే నిలబడ్డాడు.

కింద పేటలో ఏమీ జరగలేదు. పందిరి మీది కుర్రాడు మరో మామిడాకుల తోరణం అందుకున్నాడు. ఎవరో పెద్దగా తుమ్మారు. మైలపల్లోరి మేక సందు మలుపులో దొరికి, ఎవరి చీరో నములుతూ నిలబడింది. అసిరితల్లి ఒక్కో సందునే వెతికి చూసింది. ఆ పద్ధతి గురువులతోనే పోయిందేమో. పోయిందనుకుంటే, సాయంత్రం ఈ కప్పుల మీద నీళ్లు నిలుస్తాయి. పోలేదనుకుంటే మాత్రం ఏమిటి ధైర్యం, వీళ్లలో ఒక్కడు అరిస్తే చాలు, వంతెన మళ్లీ ఆనాటి వంతెనే. మంచాల మీది జనం ఉసురు కూడా తనకే తగులుతుంది. చదివేముందు ఆలోచించాల్సిందంతా ఆమె ఇప్పుడు ఆలోచించి భయపడింది.

నూకాలు నెత్తళ్ల పళ్లెం పక్కన పెట్టింది. చెవి ఒగ్గి కాసేపు అలాగే ఉంది. పక్కింటి పిల్ల ఏదో అడగబోతే వేలు పెదాల మీద పెట్టింది. లేచి లోపలికి వెళ్లింది.

ఫలకం మీద కొత్త వరస కనిపించింది: రాట వీధి, ఒక పొయ్యి ఆరింది.

ఆ తర్వాత పక్కింటిది. ఆ పైన ఎదురింటివి, వరసగా. పందిరి మీది కుర్రాడిని వాడి తాత కిందికి దిగమని చేత్తో సైగ చేశాడు. ఒక ముసలామెను కుర్చీతో సహా ఎత్తి బయటికి తెచ్చారు. పసుపు పూసిన పెళ్లికూతురు తన చెల్లెల్ని చంకనెత్తుకుని గడప దాటింది. ఎవరి నోటా మాట లేదు. తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్న చప్పుడు మాత్రం గోడ మీదికి వినిపిస్తోంది.

ఫలకం అడిగింది: దిబ్బలపేటలో పొయ్యిలు ఆరుతున్నాయి. కారణం తెలియదు. చాటరి తెలపాలి.

అసిరితల్లి పలుకుతీగలోకి వంగింది. "వంట అయిపోయుంటాది," అంది.

ఫలకం కాసేపు ఖాళీగా ఉండిపోయింది. అది ఎప్పుడూ ఖాళీగా ఉండదు. తర్వాత పర్యవేక్షకుడిని ఉద్దేశించి ఇంకో వరస వచ్చింది: జనం వంతెన వైపు కదులుతున్నారు. భయసూచనలు లేవు. పరుగు లేదు. లెక్క కుదరడం లేదు. గొంతునిల్వ నుంచి నిమ్మళపాఠాన్ని మళ్లీ వినిపించవచ్చునా?

ఉదయభాస్కర్ ఫలకానికి జవాబివ్వకుండా గోడ అంచుకు వెళ్లి వంతెన వైపు చూశాడు. ఆస్పత్రి బళ్లు నడిమధ్య వెళ్తున్నాయి. దిబ్బలపేట మొదటి మనుషులు వంతెన మొదట్లోకి చేరి, కమ్మీ పట్టుకుని, ఒకరి వెనక ఒకరు, ఓరగా నడుస్తున్నారు. ఒక బండికి కూడా అడ్డం రాలేదు. ఆయన వీపు మాత్రమే అసిరితల్లికి కనిపిస్తోంది.

"అవసరం లేదు," అన్నాడు ఆయన. చాలా మెల్లగా అన్నాడు గానీ ఫలకం విన్నది.

కాలవ అవతలనుంచి పిలుపుదెబ్బలు మోగాయి. లంకవీధి చాటింపు మొదలైంది. పోలయ్యకు ఆమె చేసింది తెలిసే వీలు లేదు. దారి మూసేశారు. అతని గొంతు గాలిలో తెరలుగా వచ్చింది. వాసులకు మనవి. కొంత ఉధృతంగా. మీ పేటది కాదు. వంజరం కానిదాన్ని వంజరమని అమ్మే మనిషి అతను. ఆమె కళ్లు మూసుకుని, అతను అలవాటుగా వేసే ఆ రెండు దెబ్బల కోసం ఎదురుచూసింది.

నిమ్మళంగా ఉండండి, అంది పోలయ్య గొంతు.

ఆ తర్వాత సముద్రం చప్పుడే వినిపించింది. ఆమె కళ్లు తెరిచేసరికి చెంపలు తడిసి ఉన్నాయి.

కింద వంతెన మొదట్లో వరస ఆగింది. నూకాలు ఆగిపోయింది గనక ఆగింది. చేతికర్ర ఇనుప పట్టీ మీద ఆనించి, మూడేళ్లుగా తొక్కని చోటుకేసి చూస్తూ నిలబడింది. వెనకవాళ్లు తోయలేదు, పిలవలేదు, నిలబడ్డారు. నూకాలు వెనక్కి తిరిగి పలుకుగూటి వైపు తలెత్తింది.

అసిరితల్లి లేచి గోడ అంచుకు వచ్చింది. వదినకు కనిపించేలా, తండ్రి పెట్టుకున్నట్టే డప్పును చంకలో పెట్టుకుంది.

నూకాలు కర్ర ముందుకు వేసి, వంతెన మీద కాలు పెట్టింది.